మొక్కు మీది, తల వాడిది

ఉత్తరం: "మాది గుంటూరు వైపు పల్లెటూరు. తరతరాలుగా కతోలికులం. పెళ్ళయి 15 ఏళ్ళు. బాబుకు 13, పాపకు 8. రోజూ రాత్రి 8 గంటలకు ఇంట్లో జపమాల చెప్పుకుంటాం. మూడేళ్ళ నుంచి మావారు గుడికి రావడం లేదు. మామగారు పోయిన రోజు ఫాదర్ గారు వేళకు అందలేదని సమాధి దగ్గర అందరి ముందూ కేకలేశారు. గురువును ఎదిరించడం పాపమని నేనే ఆయన్ని ఆపాను. అప్పటినుంచీ అంతే. ఆయనకు మంచి మనసు ప్రసాదించమని రోజూ జపం చివర పైకే ఏడుస్తూ ప్రార్థిస్తున్నాను. ఆయన అరుగు మీద నుంచి కదలరు. ఇప్పుడు బాబు కూడా 'నాన్న రాడుగా' అంటూ జపానికి కూర్చోవడం లేదు. సెల్లు లాక్కున్నాను, మోకాళ్ళ మీద నిలబెట్టాను. పోయిన వానాకాలం వాడికి డెంగీ వస్తే, నయమైతే గుణదల మాత తిరునాళ్ళలో తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకున్నాను. వాడేమో గుండు చేయించుకోనని మొండికేశాడు. మొక్కు చెల్లించకపోతే కీడు జరుగుతుందా? ఫాదర్లు నడిపే హాస్టల్లో వేస్తే దారికొస్తాడా? పెంపకం అలా ఉందని మా అత్తగారు దెప్పుతున్నారు."

అమ్మా,

మొక్కు సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నది. మొక్కు దాన్ని మొక్కుకున్న మనిషినే కట్టేస్తుంది, ఇంకొకరిని కట్టదు. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో ఈ మాట స్పష్టంగా ఉంది. మొక్కు మీది, తల వాడిది. వాడు ఒప్పుకోనంటే మీరు తప్పినట్టు కాదు. సొంతంగా చేసుకున్న మొక్కును దానికి సమానమైన మంచి పనిగానో, అంతకన్నా మేలైన పనిగానో మొక్కుకున్నవాళ్ళే మార్చుకోవచ్చు. మనసు ఊరుకోకపోతే మీ విచారణ గురువులను, అంటే మీ గుడి ఫాదర్ గారిని అడగండి, మొక్కు నుంచి విడుదల చేసే అధికారం ఆయనకుంది. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే తిరునాళ్ళకు మీరే వెళ్ళి కొండెక్కి కృతజ్ఞత చెప్పండి. డెంగీ వార్డులో మంచం పట్టిన ఏ పేద పిల్లాడికో మందులు కొనివ్వండి. బిడ్డను బతికించిన తల్లి వాడి జుట్టు ఇవ్వలేదని వాడికి కీడు చేస్తుందని ఎలా అనుకున్నారమ్మా? మరియమాతను మీరు అంతేనా ఎరిగింది?

హాస్టల్ వద్దు. ఇంట్లో పుట్టిన చిక్కు హాస్టల్లో విడదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో బాబు గురించే ఎక్కువ రాశారు. నా కన్ను మాత్రం ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది: "నేనే ఆయన్ని ఆపాను." మీ ఇంట్లో జపం తెగింది ఆ రోజు, ఆ సమాధి దగ్గర. తండ్రిని మట్టిలో పెడుతున్న మనిషి, కడసారి అభ్యంగనం (జబ్బు మనిషికి ఫాదర్ గారు నూనె పూసి ఇచ్చే సంస్కారం) లేకుండా నాన్న వెళ్ళిపోయాడన్న బాధతో అరిచాడు. అరవడం పద్ధతి కాదు, ఒప్పుకుంటాను. బాధ మాత్రం న్యాయమైనదే. విశ్వాసులు తమ కష్టాన్ని మర్యాదగా కాపరులైన గురువులకు చెప్పుకోవచ్చని 1983 నాటి శ్రీసభ చట్టమే అంటోంది. అది పాపం కాదు. మీరు ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి ఏడవనిచ్చి ఉంటే సరిపోయేది. బంధువుల ముందు, ఊరి ముందు, ఆయన్నే పాపిని చేశారు. మగవాడి పరువు సంగతి కాదు నేను చెబుతున్నది. తండ్రి పోయిన బిడ్డకు ఆ పూట పక్కన ఎవరూ లేకపోయారు.

ఆ తర్వాత రోజూ రాత్రి ఎనిమిదింటికి జరుగుతున్నదేమిటో ఒకసారి అరుగు మీద కూర్చుని వినండి. జపమాలలోని యాభై మూడు మంగళవార్త జపాలు (మరియమాతకు చెప్పే వందన ప్రార్థనలు) అయ్యాక, పిల్లలూ అత్తగారూ వింటుండగా, కిటికీలోంచి ఆయనకు వినపడేంత గొంతుతో "ప్రభువా, ఈ ఇంటి యజమానికి మంచి మనసు ప్రసాదించు" అంటున్నారు. ఆ మాట దేవుడికి చెప్పేదైతే మనసులో చెప్పినా ఆయనకు వినబడుతుంది. పైకి చెప్పింది భర్తకు వినపడాలనే. ఏడాదికి 365 రాత్రుల లెక్కన మూడేళ్ళలో ఆయన మీద వెయ్యికి పైగా ఫిర్యాదులు వెళ్ళాయి. పదమూడేళ్ళ పిల్లాడికి ఇది తెలియదనుకోకండి. మోకరిస్తే అమ్మ వైపు నిలిచి నాన్న మీద సాక్ష్యం చెప్పినట్టని వాడికి అర్థమైంది. వాడు మొరాయిస్తున్నది దేవుడితో కాదు.

పైగా మోకాళ్ళ మీద నిలబెట్టారు. బడిలో లెక్క తప్పితే మోకాళ్ళ మీదే నిలబెడతారు, ఇంట్లో జపానికీ మోకాళ్ళే. ఏది శిక్ష, ఏది ప్రార్థన అని ఆ బిడ్డ ఎలా విడదీసుకోవాలి? ఆ శిక్ష ఇంకెప్పుడూ వేయకండి.

బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతుండగా నీ సోదరుడికి నీ మీద మనసులో ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పారు (మత్తయి 5:23-24). నీకు సోదరుడి మీద ఉంటే అనలేదు, సోదరుడికి నీ మీద ఉంటే అన్నారు. మీ విషయంలో ఆ సోదరుడు అరుగు మీద కూర్చున్నాడు.

కాబట్టి ముందు ఆయన దగ్గరకు వెళ్ళండి. పొలం నుంచో పని నుంచో రాగానే వద్దు, అత్తగారి ముందు వద్దు, ఆదివారం పూజ నుంచి వచ్చిన వెంటనే అసలే వద్దు. పిల్లలు నిద్రపోయాక అదే అరుగు మీద పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పండి: "ఆ రోజు నేను మీ పక్కన నిలబడాల్సింది. నిలబడలేదు. తప్పు నాది. మామయ్యగారు పోయినప్పుడు మీకేమనిపించిందో నేనెప్పుడూ అడగలేదు." అక్కడితో ఆపండి. ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. "కానీ మీరు కూడా..." అని ఒక్క ముక్క కలిపినా, "ఇకనైనా గుడికి రండి" అని తోక తగిలించినా, చెప్పిన క్షమాపణ మొత్తం ఎరగా మారిపోతుంది. ఆయన మాట్లాడకపోవచ్చు, లేచి వెళ్ళిపోవచ్చు. వెంటపడకండి, మర్నాడు మళ్ళీ ఎత్తకండి. మూడేళ్ళు గడ్డకట్టింది ఒక్క రాత్రికి కరగదు, పది పదిహేను రోజులు ఆగండి. మాట్లాడితే మాత్రం మధ్యలో దేవుణ్ణి సమర్థించబోకండి, వినండి. ఫాదర్ గారు అందకపోతే దేవుడు కూడా మామయ్యగారికి అందలేదని అర్థం కాదన్న మాట ఆయనకు అవసరమే. అయితే ఆయన అడిగిన రోజున చెప్పండి.

ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు పునీత అగస్తీను తల్లి పునీత మోనికమ్మను చూపించి ఆడవాళ్ళను నోరు మూసుకుని భరించమంటారు. నాకది సమ్మతం కాదు. ఆవిడ కథలో మీకు పనికొచ్చేది వేరే ఉంది. భర్త పత్రీషియసు కోపిష్ఠి. ఆయన కోపంగా ఉన్నప్పుడు ఎదురు చెప్పేది కాదు, చల్లబడ్డాక తన మాట చెప్పేది. ఆయన జీవితం చివరలో జ్ఞానస్నానం తీసుకున్నాడు. కొడుకు అగస్తీనుతో వాదించి మార్చమని ఆవిడ ఒక మేత్రాణులను (బిషప్పును) బతిమాలితే ఆయన ఒప్పుకోలేదు. అలా వదిలెయ్, వాడి కోసం ప్రభువును ప్రార్థించు, చాలు అన్నారు. 387లో ఈస్టరుకు మిలానులో అగస్తీను జ్ఞానస్నానం పొందాడు. ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుంది దేవుడి ముందు.

ఇక ఇంట్లో జపం. జపమాల ఆపమని నేననను. దాని కొలత మార్చండి. ఐదు దేవరహస్యాలు (యేసు, మరియమాతల జీవిత ఘట్టాలను తలచుకుంటూ చెప్పే జపమాల భాగాలు) నిదానంగా చెబితే 20 నిమిషాలు. దానికి మరియమాత బిరుదులన్నీ చెప్పి "మా కొరకు వేడుకొనండి" అనే వరుస, ఆపైన చనిపోయినవాళ్ళ కోసం, ఊరి కోసం, ఒక్కొక్కరి కోసం కలిపితే ముప్పావుగంట దాటుతుంది. ఎనిమిదేళ్ళ పాప కునికిపాట్లు పడుతుంది, బాబు పారిపోతాడు. పిల్లలున్నప్పుడు ఒక్క దేవరహస్యం చాలు: ఒక పరలోక జపం, పది మంగళవార్తలు, ఒక త్రిత్వ స్తోత్రం. నాలుగైదు నిమిషాలు. సోమ, శనివారాలు సంతోష దేవరహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ, బుధ, ఆదివారాలు మహిమ, గురువారం 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు చేర్చిన వెలుగు దేవరహస్యాలు. ఆ రోజుది ఏ ఘట్టమో పాపను పేరు చెప్పమనండి, గర్వంగా చెబుతుంది. మిగతా నాలుగూ మీరూ అత్తగారూ పిల్లలు లేచాక చెప్పుకోండి. విన్నపాల దగ్గర ఒకే కట్టుబాటు పెట్టుకోండి: ఇంట్లో ఉన్న మనిషి గుణదోషాలు పైకి రాకూడదు. ఆయన పేరు ఎత్తితే "నాన్న ఈరోజు ఎండలో పనిచేశారు, ఆయనకు ఆరోగ్యం ఇవ్వు" అని ఎత్తండి. అది అబద్ధం కాదు, ఆయన విన్నా నొచ్చుకోడు.

బాబు విషయంలో రెండింటిని విడదీసుకోండి. ఆదివారం పూజ శ్రీసభ పెట్టిన నియమం, ఏడేళ్ళు నిండిన ప్రతి కతోలికుడికీ వర్తిస్తుంది. అది మీ ఇంటి నియమంగానే ఉంచండి, వాదన లేకుండా. ఇంట్లో జపమాల ఎంత మంచిదైనా శ్రీసభ ఆజ్ఞ కాదు. దానికి పిలవండి, లాగకండి. రాకపోతే ఆ ఐదు నిమిషాలు టీవీ, సెల్లు పక్కనపెట్టి ఊరికే కూర్చుంటే చాలు. వచ్చిన రోజున "చూశావా, బుద్ధొచ్చింది" అనకండి, అత్తగారిని కూడా అననివ్వకండి. భద్రమైన అభ్యంగనం (జ్ఞానస్నానాన్ని స్థిరపరిచే సంస్కారం) వయసు దగ్గరపడుతోంది కదా. తానుగా కోరుకుని, జ్ఞానస్నాన ప్రమాణాలను తన నోటితో మళ్ళీ చేయాల్సిన సంస్కారం అది, తొందరపెట్టకండి. పిల్లల ప్రతి అడుగూ మన గుప్పిట్లో ఉండాలనుకోవడం పెంపకం కాదని ఫ్రాన్సిస్ పోపుగారు 2016లో కుటుంబాలకు రాసిన లేఖలో చెప్పారు. సెల్లు తిరిగి ఇచ్చేటప్పుడు, మోకాళ్ళ మీద నిలబెట్టినందుకు వాడికీ క్షమాపణ చెప్పండి. తల్లి తక్కువైపోదు.

అత్తగారి దెప్పుళ్ళ మీద ఎక్కువ ఆలోచించకండి. భర్త పోయిన మనిషి, కొడుకు గుడి మానేశాడు, ఆవిడ దిగులు మీ మీద పడుతోంది. ఆవిడకు కావలసిన పని ఒకటుంది. మామగారికి అందకపోయిన ఆ అభ్యంగనం పేరు రోగుల అభ్యంగనం, అది చివరి శ్వాసకు దాచిపెట్టుకునేది కాదు. జబ్బు ముదిరినప్పుడు, పెద్ద ఆపరేషను ముందు, ముసలితనంలో బాగా నీరసించినప్పుడు ఇవ్వవచ్చు. జబ్బు మళ్ళీ తిరగబెట్టినా, ఇంకా ముదిరినా మళ్ళీ ఇవ్వవచ్చు. ఇది తెలియకే ఇళ్ళల్లో ఊపిరి అందనప్పుడు ఫాదర్ గారికి ఫోన్ చేస్తారు, ఆయన పక్క ఊళ్ళో పూజలో ఉంటారు, వచ్చేసరికి అయిపోతుంది. మీ మామగారి విషయంలో జరిగింది ఇదేనేమో. అత్తగారికి తెలివి ఉండగానే, నోటితో జవాబు చెప్పగలిగినప్పుడే పిలిపించండి. ఆ రోజు మీవారు ఇంట్లో ఉండేలా చూడండి.

నవంబరు 2 సకల మృతుల పండుగ. అక్టోబరు ఆఖరి వారంలో మామగారి సమాధికి సున్నం వేయాలి, పిచ్చిమొక్కలు పీకాలి. ఆ పని మీవారినీ బాబునీ చేయమనండి, మీరు వెంట వెళ్ళకండి. పండుగ రోజు కొవ్వొత్తులూ బంతిపూలూ మీరు తీసుకెళ్ళండి. పూజకు చనిపోయినవాళ్ళ పేర్లు రాయించే దగ్గరకు ఆయన మీతో వస్తే, మామగారి పేరు మీరు చెప్పకండి, ఆయన్నే చెప్పనివ్వండి.