బర్మాలో వందల బియ్యం మిల్లులు వచ్చినా మిగతా పరిశ్రమలు ఎందుకు రాలేదు?

అడిగిన ప్రశ్న రెండు ముక్కలు. బ్రిటిష్ పాలనలో బర్మా ప్రపంచంలోనే అతి పెద్ద బియ్యం ఎగుమతి దేశం. రంగూన్‌లో ఒక్కో మిల్లులో వందలమంది పనిచేసేవారు. అయినా ఆ మిల్లుల నుంచి యంత్రాల తయారీ గానీ, బట్టల మిల్లులు గానీ, మరే పెద్ద పరిశ్రమ గానీ ఎందుకు పుట్టలేదు? రెండోది: అదే కాలంలో గోదావరి డెల్టాలోనూ వరే పండుతుంటే అక్కడ అలాంటి మిల్లులు ఎందుకు రాలేదు?

దీనికి చాలామంది "తెల్లవాళ్ళు దోచుకుపోయారు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. లాభాలు స్కాట్లాండ్ వెళ్ళిన మాట నిజమే. కానీ ఆ దారి ఎలా ఏర్పడిందో దానివల్ల తెలియదు. అది తెలియాలంటే మిల్లులోకి వెళ్ళి వడ్లు ఎక్కడినుంచి వచ్చాయో, ఊక ఎటు పోయిందో, రాయి అరిగితే ఎవరు బాగుచేశారో చూడాలి.

ముందు మిల్లు అసలు ఎందుకు పుట్టిందో చూద్దాం. 1852 యుద్ధంతో దిగువ బర్మా అంతా బ్రిటిష్ చేతికి చిక్కింది. అప్పటికి అక్కడ వరి ఎనిమిది లక్షల ఎకరాలు కూడా లేదు. 1905 నాటికి అరవై లక్షల ఎకరాల దాకా వచ్చింది, 1930ల్లో కోటికి చేరువైంది. 1855లో ఎగుమతి 1.62 లక్షల టన్నులు, అర్ధ శతాబ్దం తిరిగేసరికి 20 లక్షల టన్నులు. ఇంత సరుకు పడవల్లో ఏర్ల మీదుగా దిగేది నాలుగే రేవులకు: రంగూన్, బస్సేన్, మౌల్‌మేన్, అక్యాబ్. సరుకంతా నాలుగు చోట్ల పోగుపడటం వల్లే పెద్ద మిల్లు గిట్టుబాటైంది.

మొదట్లో యూరప్‌కు వెళ్ళింది తెల్ల బియ్యం కాదు. తెరచాప ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళడానికి నెలలు పట్టేది. పాలిష్ పట్టిన బియ్యం ఓడ అడుగున ఆ వేడికీ చెమ్మకూ నిలిచేది కాదు. అందుకని పైపొట్టు మాత్రం తీసిన ముడి బియ్యంలో సుమారు ఐదో వంతు వడ్లు కలిపి పంపేవారు. వడ్లు కలిస్తే బియ్యం ఒకదాన్నొకటి అదుముకోకుండా మధ్యలో గాలి ఆడుతుంది. తెల్లగా పాలిష్ పట్టే పని లండన్, లివర్‌పూల్, బ్రెమెన్, హాంబర్గ్ మిల్లులది. రంగూన్‌లో మొదటి ఆవిరి మిల్లు 1860ల మొదట్లోనే వచ్చినా చాలాకాలం సగం పనే అక్కడ జరిగింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడం, ఆ తర్వాత ఆవిరి ఓడలు పెరగడంతో ప్రయాణం వారాల్లోకి వచ్చింది. అప్పుడు రంగూన్‌లోనే తెల్ల బియ్యం పట్టి పంపడం కుదిరింది. అంటే బర్మాలో పరిశ్రమ ఏ స్థాయిలో ఉండాలో తేల్చింది ఓడ ప్రయాణం ఎన్ని రోజులన్నది. ఏ ప్రభుత్వ పథకమూ కాదు.

ఇప్పుడు మిల్లు లోపలికి. వడ్లు బుట్టల లెక్కన కొనేవారు. మిల్లుల ప్రామాణిక బుట్ట 46 పౌండ్లు, అంటే దాదాపు 21 కిలోలు. ధర వంద బుట్టలకు చెప్పేవారు, అంటే రెండు టన్నుల పైచిలుకుకు. రోజుకు వంద టన్నుల వడ్లు ఆడే మిల్లుకు రోజూ దాదాపు 4,800 బుట్టలు దిగాలి. ఇక్కడే మొదటి తగాదా. బుట్ట కొలతా, తూకమా? ఎండిన గట్టి గింజ బుట్టకు ఎక్కువ తూగుతుంది. తాలు, మట్టి, గడ్డి కలిస్తే బుట్ట నిండుతుంది గానీ తూకం రాదు. ఈ తేడా భారం రైతుకూ మిల్లుకూ మధ్యనున్న దళారి ఎవరి మీదికైనా నెట్టగలడు.

పని వరుస ఇది. ముందు జల్లెళ్ళు, గాలి పంకాలు తాలు, రాళ్ళు, గడ్డి తీస్తాయి. తర్వాత పొట్టు ఒలిచే రాళ్ళు: అడ్డంగా పెట్టిన రెండు గుండ్రటి పలకలు, వాటి ముఖాల మీద ఎమెరీ (అరగదీసే గరుకు రాతిపొడి), సిమెంటు కలిపి పూసిన పూత. పైది కదలదు, కిందది తిరుగుతుంది. రెండింటి మధ్య సందు గింజ పొడవు కంటే కాస్త తక్కువ. గింజ నిలువుగా లేచినప్పుడు రెండు కొనలమీదా ఒత్తిడి పడి పొట్టు విడుతుంది. సందు ఎక్కువైతే వడ్లు వడ్లుగానే బయటికొస్తాయి, తక్కువైతే నూకలవుతాయి. రెండు పొడవుల గింజలు కలిసి వస్తే ఏ సందూ సరిపోదు: పొడుగువి విరుగుతాయి, పొట్టివి ఒలవకుండా జారిపోతాయి. అందుకే మిల్లులు న్గాసేన్ లాంటి గట్టి గింజ రకాలను కోరాయి, రకాలు కలిసిన సరుకుకు ధర తగ్గించాయి. డెల్టా పొలాల్లో ఏ రకం వేయాలో చాలావరకు ఈ రెండు పలకల మధ్య సందే నిర్ణయించింది.

ఒలిచాక పంకా ఊకను వేరుచేస్తుంది. అరలున్న బల్ల అటూ ఇటూ ఊగుతూ, ఒలవని వడ్లను వేరుచేసి మళ్ళీ రాళ్ళకు పంపుతుంది. మిగిలిన ముడి బియ్యం ఎమెరీ పూత ఉన్న శంకువుల మీదుగా దిగుతుంది. చుట్టూ తీగ జాలీ, దానిలోపల రబ్బరు బ్రేకులు. ఒకే శంకువులో తౌడంతా తీయాలని చూస్తే గింజ వేడెక్కి పగులుతుంది. అందుకే మూడు నాలుగు శంకువుల మీదుగా కొంచెం కొంచెంగా తీస్తారు. యూరప్ సరుకైతే చివర తోలు చుట్టిన డ్రమ్ముతో మెరుగు పెట్టేవారు. ఆ తర్వాత జల్లెళ్ళు నూకలను తీస్తే గోనె సంచుల్లోకి.

లెక్క వేస్తే వంద కిలోల వడ్లకు 20-22 కిలోల ఊక, 8-10 కిలోల తౌడు, మిగిలింది నూకలతో కలిపి బియ్యం. రోజుకు వంద టన్నులాడే మిల్లులో ఊకే ఇరవై టన్నులు. ఆ ఊకతోనే బాయిలర్ నడుస్తుంది, ఇంకా మిగులుతుంది. ఎగుమతి మిల్లులకు కలిసొచ్చిన పెద్ద విషయం ఇదే: బొగ్గు కొననక్కర్లేదు. అయితే ఊకను మామూలు బొగ్గు పొయ్యిలో వేస్తే గాలి ఆడదు, పైపైన మాడి ఆరిపోతుంది. మెట్లు మెట్లుగా వాలుగా ఉన్న ఇనుప చట్రం (గ్రేట్) కావాలి, ఊక పైనుంచి కొద్దికొద్దిగా జారుతూ కాలాలి. ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. అందులో ఎక్కువభాగం సిలికా, అంటే ఇసుక స్వభావం. అది గొట్టాలను, పంకా రెక్కలను అరగదీస్తుంది. బూడిద రోజూ ఎత్తకపోతే పొయ్యి మూసుకుపోతుంది.

నా ఉద్దేశంలో మీ మొదటి ప్రశ్నకు జవాబు ఈ ఊక దగ్గరే మొదలవుతుంది. ఉచిత ఇంధనం మిల్లు యజమానికి వరం. కానీ బొగ్గు గని, బొగ్గు రవాణా, పొదుపుగా కాల్చే ఇంజను అవసరం అతనికి రాలేదు. అవసరం లేనిచోట ఆ పనులు నేర్చినవాళ్ళూ తయారుకారు. తౌడు సంగతీ అంతే. దాన్లో నూనె ఉంది, కానీ పశువుల దాణాగా చాలా మటుకు యూరప్‌కు ఎగుమతి అయ్యేది. బియ్యంలోనూ ఒక భాగం అక్కడ గంజిపొడికీ, సారాకీ పోయేది. అంటే ఆ రెండో దశ ఫ్యాక్టరీలు బర్మా బియ్యంతోనే నడిచాయి, కాకపోతే అవి యూరప్‌లో ఉన్నాయి.

ఇప్పుడు మిల్లుకు కావలసినవి ఒక్కొక్కటీ ఎక్కడినుంచి వచ్చాయో చూడండి. ఇంజన్లు, శంకువులు, ఎమెరీ బ్రిటన్ నుంచి. గోనె సంచులు కలకత్తా జనపనార మిల్లుల నుంచి. రైతుకు అప్పు తమిళనాట చెట్టినాడు వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల నుంచి. ఓడలు గ్లాస్గో కంపెనీలవి. కూలీలు మన తీరం నుంచి. రంగూన్‌లో ఫౌండ్రీలు లేవని కాదు, ఉన్నాయి. నది మీద ఆవిరి పడవలు నడిపే ఇరావడీ ఫ్లోటిల్లా కంపెనీకి రంగూన్ దగ్గర దల్లాలో పడవలు కట్టే పెద్ద యార్డు ఉండేది. కానీ మిల్లులకు వాటివల్ల జరిగింది ప్రధానంగా మరమ్మతు. రాయికి ఎమెరీ పూత మళ్ళీ పూయడం, షాఫ్టు సరిచేయడం, బేరింగు పోత పోయడం ఒక స్థాయి నైపుణ్యం. కొత్త యంత్రం గీసి, పోసి, అమ్మడం మరో స్థాయి. మొదటిదాన్నుంచి రెండోదానికి ఎదగాలంటే ఏడాది పొడవునా పని ఉండాలి, పనివాడు అక్కడే ఉండిపోవాలి.

ఆ రెండూ లేవు. కోత డిసెంబరులో, మిల్లులకు ఊపిరాడని పని జనవరి నుంచి మే దాకా. వానలు పడ్డాక పని పలచబడేది. ఐదారు నెలల పనికి కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి ఓడలెక్కి రంగం (రంగూన్) వెళ్ళినవాళ్ళే మిల్లుల్లో మూటలు మోసింది. అక్కడ వాళ్ళను కోరంగీలనేవారు. వాళ్ళను మిల్లు నేరుగా పెట్టుకోలేదు. కాంట్రాక్టరు, అతని కింద హెడ్ మేస్త్రీ, ఆ కింద చార్జి మేస్త్రీ, అతని కింద ముఠా మేస్త్రీ, చివర కూలీ. ఓడ చార్జీ, తిండి ఖర్చు ముందే అడ్వాన్సుగా ఇచ్చి కూలిలోంచి కోసుకునేవారు. మిల్లు ఇచ్చిన డబ్బు ప్రతి మెట్టు దగ్గరా కొంత తరిగేది. ఈ పద్ధతిలో పరిశ్రమకు జరిగిన నష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: ఈ ఏడు శంకువు దగ్గర పనిచేసినవాడు మరుసటి ఏడు అదే మిల్లుకు వస్తాడన్న భరోసా లేదు. పని నేర్పిస్తే మిల్లుకు లాభం లేదు, నేర్చుకుంటే కూలీకి కూలి పెరగదు. బర్మా రైతుబిడ్డకు ఆ మిల్లులో అడుగుపెట్టే దారే దాదాపు లేదు.

డబ్బు సంగతి త్వరగా చెప్తాను. మిల్లులు పంట ముందే దళారులకు అడ్వాన్సులిచ్చేవి, దళారులు ఊళ్ళలో వడ్లు కొని ధర పెరిగేదాకా బిగబట్టేవారు. దానికి మందుగా 1890ల్లోనే పెద్ద మిల్లులు కూడబలుక్కుని కొనుగోలు ధర దించాయి. 1921లో స్టీల్ బ్రదర్స్, బుల్లక్ బ్రదర్స్, ఎల్లర్‌మన్స్ అరకాన్, ఆంగ్లో-బర్మా రైస్ కంపెనీ కలిసి బుల్లింజర్ పూల్ అనే కూటమి కట్టాయి. పెద్ద ఎత్తున కొనే నలుగురూ ఒక్కటైనప్పుడు లాభం కోసం కొత్త యంత్రం కనిపెట్టే తొందర ఎవరికుంటుంది? ధర దించడం అంతకంటే తేలిక.

అయితే ఆగిపోని చోటు ఒకటుంది, దాన్ని వదిలేస్తే చరిత్రకు అన్యాయం. 1900లో దేశం మొత్తం మీద ఎనభై చిల్లర ఉన్న మిల్లులు 1930 నాటికి ఆరు వందలు దాటాయి. కొత్తవి చాలావరకు లోపలి పట్టణాల్లో పెట్టిన చిన్న మిల్లులు, బర్మీయులవి, చైనీయులవి, భారతీయులవి. వాటి బలం సూటిగా ఉంది. వంద టన్నుల వడ్లు రంగూన్ పంపే బదులు అక్కడే ఆడితే రవాణాలో ముప్పై టన్నుల ఊక, తౌడు తగ్గుతాయి. యూరప్ కోరే మెరుగు లేకపోయినా ఇండియా మార్కెట్టుకు ఆ బియ్యం సరిపోయింది. స్థానిక పరిశ్రమ మొలకెత్తింది ఇక్కడే. ఇంకో ఇరవై ముప్పై ఏళ్ళు ధర నిలిస్తే వీటి చుట్టూ ఇంజను బాగుచేసేవాళ్ళు, విడిభాగాలు పోసేవాళ్ళు స్థిరపడేవాళ్ళని నేను నమ్ముతాను.

ధర నిలవలేదు. 1930-31లో వడ్ల ధర సగానికి పడిపోయింది. అప్పు కట్టలేని రైతుల భూమి చెట్టియార్ల చేతికి పోయింది: పదమూడు ముఖ్య వరి జిల్లాల్లో వాళ్ళ వాటా 1930లో 6 శాతం, 1937 నాటికి 25 శాతం. అప్పిచ్చినవాళ్ళకూ అది నష్టమే, వాళ్ళకు కావలసింది తిరిగే డబ్బు గానీ పొలం కాదు. మిల్లు పెట్టడానికి పెట్టుబడిగా మారాల్సిన సొమ్ము మట్టిలో ఇరుక్కుపోయింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు, వాళ్ళ చోట బర్మీయులను పెట్టారు, సమ్మె తీరగానే ఆ బర్మీయులను తీసేశారు. మే 26న మొదలైన అల్లర్లలో చచ్చిపోయింది ఎక్కువగా మనవాళ్ళే. చవక కూలి కోసం ఒక జాతిని ఇంకో జాతి మీద నిలబెట్టిన పద్ధతికి అది నేరుగా వచ్చిన ఫలితం.

ఇక గోదావరి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లోనే, దిగువ బర్మా బ్రిటిష్ చేతికి పోయిన ఏడే. వరి అంతే బాగా పండింది. కానీ డెల్టాలో అప్పటికే జనం ఉన్నారు, తినేవాళ్ళున్నారు. ఖాళీ అడవి నరికి సాగుచేసిన ఇరావడీ డెల్టాలో మిగులు ఎక్కువ, నోళ్ళు తక్కువ. గోదావరిలో మిగిలింది కాలువ పడవల మీద నలుదిక్కులకూ చెదిరిపోయేది, ఒక్క రేవుకు పోగుపడేది కాదు. పైగా కాకినాడలో పెద్ద ఓడలు మేట వల్ల ఒడ్డుకు రాలేక దూరంగా లంగరేసేవి, సరుకు చిన్న పడవల మీద మోయాలి. రంగూన్‌లో పజున్‌డాంగ్ ఏటి ఒడ్డున మిల్లు ఉంటే వడ్ల పడవ వాకిట్లోకే వస్తుంది, బియ్యం అక్కణ్ణుంచే ఓడకు చేరుతుంది. ఇంట్లో ఆడవాళ్ళు రోట్లో దంచిన బియ్యంతో పోటీపడి ఆవిరి మిల్లు గెలవాలంటే రోజుకు కొన్ని వేల బుట్టలు ఒకచోట దొరకాలి, గోదావరిలో అది కుదరలేదు. అందుకే అక్కడ పెద్ద ఆవిరి మిల్లుల దశ దాదాపు లేకుండానే, ఇరవయ్యో శతాబ్దంలో ఆయిల్ ఇంజన్లతో నడిచే చిన్న మిల్లులు ఊరూరా నేరుగా వచ్చాయి. వాటిని పెట్టింది ఎక్కువగా అక్కడి రైతులు, వర్తకులే.