నాలుగు ట్రాకుల క్యాసెట్ తెర మీద: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ మీద 2025లో వచ్చిన ‘డెలివర్ మి ఫ్రమ్ నోవేర్’ చూశాం. పడకగదిలో క్యాసెట్ యంత్రం ముందు కూర్చుని ఆల్బమ్ పాడేస్తాడు. నిజంగా అంత చిన్న సరంజామానేనా, సినిమా కోసం తగ్గించారా? (వరంగల్ నుంచి)

జవాబు: తగ్గించలేదు. ఆ ఆల్బమ్ ‘నెబ్రాస్కా’. దాని పాటలు న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్‌లో, అద్దె ఇంట్లో రికార్డయ్యాయి. 1981 చివర మొదలై 1982 జనవరికల్లా చాలావరకు పని ముగిసింది. యంత్రం టియాక్ 144 పోర్టాస్టూడియో అనే నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్, మైకులు షూర్ ఎస్ఎం57లు రెండు. బిగించి పెట్టింది గిటార్ టెక్నీషియన్ మైక్ బాట్లాన్.

మామూలు క్యాసెట్‌లో ఒక వైపు రెండు ట్రాకులు (టేపు పొడవునా ధ్వని నమోదయ్యే సన్నని పట్టీలు), తిప్పి పెడితే ఇంకో రెండు. 144 ఆ నాలుగింటినీ ఒకే దిశలో వాడేస్తుంది. పైగా టేపును రెట్టింపు వేగంతో, సెకనుకు దాదాపు 9.5 సెంటీమీటర్ల చొప్పున లాగుతుంది. అంటే 60 నిమిషాల క్యాసెట్‌లో చేతికొచ్చేది 15 నిమిషాలే. ఈ టేపును ఇంట్లోని టేప్‌రికార్డర్‌లో పెడితే పాట సగం వేగంతో, ఒక స్థాయి కిందికి దిగి మూలుగుతుంది. వినిపించేదీ రెండు ట్రాకులే. తిప్పి పెడితే మిగతా రెండూ వెనక్కి నడుస్తాయి.

పద్ధతి ఇది: ముందు గొంతు, గిటార్ చెరో ట్రాకులో, ఒకేసారి. తర్వాత హెడ్‌ఫోన్స్‌లో వాటిని వింటూ మిగిలిన రెండింట్లో రెండో గొంతో, ఇంకో గిటారో, టాంబురీనో. నాలుగూ నిండితే ఇక చోటు లేదు. ఆ పాటల్లో వినిపించే ఖాళీ కొంత ఈ ఇరుకు వల్ల వచ్చిందే.

ప్రశ్న: మంచి స్టూడియోలో మళ్లీ పాడితే సరిపోయేది కదా? ఆ క్యాసెట్‌ను రికార్డుగా కొట్టడానికి అంత తంటా ఏమిటి? (కాకినాడ నుంచి)

జవాబు: పాడి చూశారు. 1982లో న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ అనే స్టూడియోలో బ్యాండుతో కొన్ని పాటలు తీశారు కానీ ఆ వాతావరణం రాలేదు. దాంతో ఇంటి క్యాసెట్టే గతైంది. దాన్ని తయారుచేసేటప్పుడు నాలుగు ట్రాకుల్ని ఎకోప్లెక్స్ అనే టేప్ ఎకో పెట్టె గుండా పంపి, పానాసోనిక్ బూమ్‌బాక్స్‌లో (చేత్తో మోసుకెళ్లే స్టీరియో టేప్‌రికార్డర్) రెండు ఛానెళ్ల స్టీరియోగా కలిపి దించారు. ఆ బూమ్‌బాక్స్ అంతకుముందే ఒకసారి నీళ్లలో తడిసి ఆగిపోయి, మళ్లీ పనిచేసిన సరుకు. అలా మిక్స్‌లో కలిసిపోయిన ఎకోను విడదీయడం అయ్యే పని కాదు. ఆ క్యాసెట్టే డబ్బా కూడా లేకుండా స్ప్రింగ్‌స్టీన్ జీన్స్ జేబులో తిరిగింది.

ఇక వినైల్ (గ్రామఫోన్ రికార్డు) సంగతి. గాడి కోసే సూది ఎడమ, కుడి ఛానెళ్లలో ఒకేలా ఉన్న ధ్వనికి పక్కలకు కదులుతుంది, రెండింటికీ తేడా వచ్చిన చోట పైకీ కిందికీ ఊగుతుంది. క్యాసెట్ హెడ్ (టేపును తాకి ధ్వనిని చదివే భాగం) కొంచెం వాలినా రెండు ఛానెళ్ల మధ్య ఫేజ్ తప్పుతుంది, అంటే రెండింటి ధ్వని తరంగాలు ఒకదానితో ఒకటి కలవవు. ఆ తప్పు బేస్ (లోతైన మంద్ర ధ్వనులు) దాకా పాకితే గాడి ఒకచోట మరీ లోతవుతుంది, ఇంకోచోట దాదాపు మాయమవుతుంది, ప్లేయర్ సూది ఎగురుతుంది. లెవెల్ (ధ్వని బిగ్గర) తగ్గించి కోస్తే సూది నిలుస్తుంది, కానీ రికార్డు చిటపటలు పాటతో పోటీకొస్తాయి. చివరికి తక్కువ లెవెల్‌లోనే కోశారు. రికార్డు 1982 సెప్టెంబరు 30న వచ్చింది.

ప్రశ్న: నటుడు పెదాలు కదిపాడా, పాడాడా? (హైదరాబాద్ నుంచి)

జవాబు: జెరెమీ అలెన్ వైట్ స్వయంగా పాడాడు.

ప్రశ్న: మా షార్ట్ ఫిల్మ్‌లో 1980ల నాటి క్యాసెట్ రికార్డింగ్ సీన్ ఉంది. మామూలు టేప్‌రికార్డరే దొరికింది. ఎక్కడ దొరికిపోతాం? (విజయవాడ నుంచి)

జవాబు: ముందు చక్రాల దగ్గర. మొదలుపెట్టినప్పుడు ఎడమ చక్రానికి టేపు నిండుగా ఉంటుంది, పాట సాగేకొద్దీ కుడి వైపు లావెక్కుతుంది. షాట్ మారేసరికి ఎడమ వైపు మళ్లీ నిండితే క్యాసెట్లతో పెరిగినవాళ్లు వెంటనే పట్టేస్తారు. ప్రతి టేక్‌కు ముందు రివైండ్ చేసి, చక్రాల్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

రికార్డు మీట ఒక్కటే నొక్కే మోడళ్లు ఉన్నా, చాలావాటిలో రికార్డు, ప్లే రెండూ కలిపి నొక్కాలి. క్యాసెట్ వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ ట్యాబ్ విరిగి ఉంటే రికార్డు మీట అసలు దిగదు. సినిమా పాటల పాత క్యాసెట్లలో అది మామూలే. ఆ గుంట మీద సెలోటేప్ అంటిస్తే సరి.

పాత యంత్రమైతే రబ్బరు బెల్టు ముందే మార్పించండి. సాగిపోయినా, జిగురుగా కరిగినా వేగం తడబడుతుంది, చక్రాలు ఆగి ఆగి తిరుగుతాయి. ఆ వణుకు చెవికే కాదు, క్లోజప్‌లో కంటికీ తెలిసిపోతుంది. యంత్రం మోటారు గోల మీ సింక్ సౌండ్‌లో (షూటింగ్‌తో పాటే పట్టే శబ్దం) పడుతుంది కాబట్టి గొంతు విడిగా, యంత్రం ఆపి ఇంకోసారి తీసుకోండి.