లాయరూ, లెక్చరరూ ఒకేసారి?

ప్రశ్న: మా అబ్బాయి లా చదువుతున్నాడు. హక్కుల కేసులు వాదిస్తూ, లా కాలేజీలో పాఠాలు కూడా చెబుతాడట. రెండూ కుదురుతాయాండీ?
– ఓ తల్లి, ముమ్మిడివరం

జవాబు: కుదురుతాయమ్మా, కాకపోతే ఓ మెలిక ఉంది. కేంద్ర ప్రభుత్వం 1979లో చేసిన రూల్స్ ప్రకారం లాయరు రోజుకు మూడు గంటలకు మించకుండా లా పాఠాలు చెప్పుకోవచ్చు. నేనూ అలాగే నెట్టుకొచ్చాను. అరెస్టైన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలనే రాజ్యాంగంలోని 22వ అధికరణం పొద్దున చెప్పి, చేతులకు సుద్ద అంటుకునే ఉండగా అమలాపురం కోర్టుకు పరిగెత్తేవాణ్ణి. మధ్యాహ్నం అదే అధికరణంతో వాదన! తొలి కేసుకు ఫీజు ఓ కౌలు రైతు తెచ్చిన చక్కెరకేళి గెల. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. డబ్బు టెన్షన్ మాత్రం ఉంటుందమ్మా. ముందు మీవాణ్ణి రిమాండ్ రిపోర్టు (అరెస్టైన మనిషిని కస్టడీకి పంపమంటూ పోలీసులు కోర్టుకిచ్చే కాగితం) చదవడం నేర్చుకోమనండి.