బాలాపూర్ క్లాసు మొదలుపెట్టే ముందు

బిడ్డా,

నువ్వూ నీ స్నేహితురాళ్లూ కలిసి బాలాపూర్‌లో మయన్మార్ నుంచి ప్రాణాలు చేతపట్టుకుని వచ్చిన రోహింగ్యా ఆడవాళ్లకు ఉచితంగా క్లాసు పెడతామని ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. బోర్డు కొన్నాం, పుస్తకాలు అచ్చు వేయిస్తున్నాం అన్నావు. పుస్తకాలు ఆపు. ముందు ఒక వారం రోజులు ఊరికే వెళ్లి ఆ బస్తీలో కూర్చో. నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, ఆడవాళ్లు ఏ వేళకు ఇంటి దగ్గరుంటారు, ఎవరికి చంటిబిడ్డ ఉంది, ఇవన్నీ చూడు. అక్కడే మేం క్లాసు నడిపినప్పుడు మొదట్లో సాయంత్రం అయిదింటికి పెట్టాం. తెచ్చిన కచరాలోంచి ప్లాస్టిక్, ఇనుము వేరు చేసుకునే వేళ అది. చాపలు పరిచి మేమే కూర్చునేవాళ్లం. మధ్యాహ్నం రెండున్నరకు మార్చాక ఒక్కొక్కరే రావడం మొదలైంది.

పిల్లల్ని తీసుకురావద్దని మాత్రం అనకు. మీలో ఒకరు పిల్లల్ని ఆడించడానికే ఉండాలి. ఆ మనిషి దొరికేదాకా క్లాసు మొదలుపెట్టొద్దనే చెబుతాను. బిడ్డ ఏడుస్తుంటే ఏ తల్లి చూపు బోర్డు మీద నిలుస్తుంది?

ఇక రిజిస్టర్ సంగతి. నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదని రాస్తున్నాను. బడి అలవాటు కొద్దీ మొదటి రోజే పేరు, భర్త పేరు, ఏ ఊరు, ఎప్పుడొచ్చారు అని గళ్లు గీసుకుని కూర్చున్నాను. ఒకావిడ తన పేరు చెప్పింది. భర్త పేరు అడిగేసరికి తల దించుకుంది. నేను మళ్లీ అడిగాను. మర్నాటి నుంచి ఆమె రాలేదు. 2017లో ఊళ్లు తగలబడినప్పుడు అతను తప్పిపోయాడని, నాఫ్ నది దాటి బంగ్లాదేశ్ చేరింది ఆమె, పిల్లలు మాత్రమేనని పక్కింటావిడ తర్వాత చెప్పింది. ఆ గుడిసె ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లినా ఆమె బయటికి రాలేదు. అది ఇప్పటికీ నన్ను వదల్లేదు. నువ్వు పేరు ఒక్కటే రాసుకో. మిగతాది వాళ్లంతట వాళ్లు చెబితే విను, చెప్పకపోతే అడగకు. వయసులో పెద్దావిడను ఖాలా (పిన్ని) అను, నీ ఈడువాళ్లను ఆపా (అక్క) అను. ఎవరినీ పేరు పెట్టి గద్దించి పిలవకు.

పెద్దవాళ్ల సిగ్గు ఎలాంటిదో నాకు బెంచీ మీద కూర్చున్నాకే తెలిసింది. అమెరికాలో మీ అన్న దగ్గర ఆరు నెలలున్నప్పుడు, పక్కనున్న లైబ్రరీలో వలస వచ్చిన పెద్దవాళ్లకు ఉచితంగా ఇంగ్లీషు నేర్పేవాళ్లు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు అక్కడ నా పేరు చెప్పడానికి గొంతు పెగల్లేదు. ఆ టీచరమ్మ ఎవరినీ ఒంటరిగా లేపేది కాదు. ప్రతి మాటా ముందు అందరి చేతా కలిపి అనిపించేది, తర్వాత ఇద్దరిద్దరి చేత. మూడో వారానికి నేనే ముందు మాట్లాడటం మొదలుపెట్టాను. ఆ పద్ధతినే బాలాపూర్‌కు తెచ్చాను. నువ్వూ అలాగే చెయ్యి.

ఏం నేర్పాలి అంటావా? తెలుగు టీచర్ని కాబట్టి అ ఆలు దిద్దించాలని నాకూ ఎంతో ఆశగా ఉండేది. కానీ వాళ్లకు తెలుగు ముందు చెవికి, నోటికి కావాలి. మేస్త్రీతో కూలి మాట్లాడుకోవడానికి, ఆశా వర్కర్ చెప్పింది అర్థం కావడానికి. హిందీ, ఉర్దూ చాలామందికి ఇప్పటికే పట్టుబడ్డాయి, నువ్వు వాటిలోనే వివరించు. కంటికి మాత్రం ముందు అంకెలు, ఆ తర్వాత ఇంగ్లీషు పెద్దక్షరాలు. ఫోన్‌నే పలకగా వాడు. సున్నా నుంచి తొమ్మిది దాకా అందులోనే ఉన్నాయి. తన తమ్ముడి నంబర్ తనే నొక్కి మాట్లాడిన రోజున ఆ మొహం చూడాలి నువ్వు.

మందుల చీటీ మీద ఎక్కువ రోజులు ఉండు. ఒక ఖాలాకు బీపీ ఉండేది. చీటీ మీద డాక్టర్ 1-0-1 అని రాశారు, అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని. ఆమె అప్పటికి అంకెలు నేర్చుకుంది, చదవగలిగింది కూడా. ఒక రోజు వేసుకోవాలి, ఒక రోజు మానాలి, మళ్లీ ఒక రోజు వేసుకోవాలి అనుకుని నెలంతా అలాగే వాడింది. అంకె నేర్పాను కానీ చీటీ నేర్పలేదు నేను. తర్వాత పొడిచే సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, చంద్రుడు, ఈ మూడు బొమ్మలు నేల మీద సుద్దతో గీసి, చీటీ చూసి ఒక్కో బొమ్మ మీద శనగ గింజ పెట్టమనేదాన్ని. నాలుగు రోజుల్లో అందరికీ వచ్చేసింది.

ఇంకో సంగతి. చిన్నప్పుడు అరబిక్ అక్షరాలు చూసినవాళ్లు నోట్‌బుక్‌ను వెనక నుంచి తెరుస్తారు, కుడి నుంచి మొదలుపెడతారు. అది తప్పు అనకు. వాళ్ల భాషకు 1980ల్లో తయారైన హనీఫీ లిపి కూడా కుడి నుంచి ఎడమకే నడుస్తుంది. ప్రతి పేజీకి ఎడమ పక్క ఒక చుక్క పెట్టి, ఇక్కడ మొదలు అని చెబితే సరిపోతుంది.

బస్సు గురించి ముందే చెప్పు. 2023 డిసెంబర్ నుంచి మన ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో డబ్బు లేకుండా వెళ్లే జీరో టికెట్ వచ్చింది కానీ, దానికి తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. అందరూ ఉచితంగా వెళ్తున్నారు కదా అని ఎక్కి, కండక్టర్ కార్డు అడిగితే నడిరోడ్డులో దిగిపోయిన ఆడవాళ్లున్నారు. టికెట్ కొనుక్కోవాలని, చిల్లర దగ్గర పెట్టుకోవాలని చెబితే ఆ అవమానం తప్పుతుంది.

కాగితాల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. వాళ్ల చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ (యూఎన్‌హెచ్‌సీఆర్) ఇచ్చిన కార్డు. ఆధార్ చేయించి పెడతామని బ్రోకర్లు తిరుగుతుంటారు. డబ్బు పోవడమే కాదు, కేసు పడి జైలుకు వెళ్తారు. ఈ మాట ఒకసారి చెబితే చాలదు, నెలనెలా చెప్పు. నువ్వు కూడా జాలిపడి ఏ ఫారం మీదా సాక్షి సంతకం పెట్టకు. ఏదైనా చిక్కు వస్తే న్యాయ సేవాధికార సంస్థ నంబర్ 15100కి ఫోన్ చేయించు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు పుట్టిన సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపితే, వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడం కుదరదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉందని నెమ్మదిగా చెప్పు. గొడవ పడకు, మళ్లీ వెళ్లు. మీరు క్లాసు పెడుతున్నట్టు పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి రసీదు తీసుకో.

మీ అన్న, వాడి స్నేహితులు డబ్బు పంపుతామంటున్నారన్నావు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఫరవాలేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు చట్టం దృష్టిలో విదేశీ నిధే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా పైసా తీసుకోవద్దు. అయినా ఈ పనికి పెద్ద డబ్బు అక్కర్లేదు. చాపలు, సుద్ద, పిల్లలకు బిస్కెట్లు, ఒక ఫ్యాను.

మందుల ఖాళీ షీట్లు, పాత ఓపీ చీటీలు పేర్లు కొట్టేసి ఒక సంచిలో దాచి ఉంచాను. ఆదివారం వచ్చి తీసుకెళ్లు. మొదటి రోజు క్లాసుకు నేను కూడా వస్తాను, పిల్లల దగ్గర కూర్చుంటాను.

ప్రేమతో,
నీ పెద్దమ్మ