‘రన్’ అనే మాటతో తంటాలు: కొత్తగా అనువాదాలు మొదలుపెట్టిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం, అనువాదం చేసిన కథ రెండూ అందాయి. “ఒక్క మాటకి ఇన్ని అర్థాలేంటక్కా, ఏది పట్టుకోవాలో తెలీక టెన్షన్ వస్తోంది” అని రాశావు. నిన్ను అంత ఇబ్బంది పెట్టిన మాట ‘రన్’. కథలో ఇంతకంటే బరువైన మాటలు చాలా ఉన్నాయి. వాటి దగ్గర నువ్వెక్కడా తడబడలేదు. శాస్త్రంలోంచీ చట్టంలోంచీ వచ్చే పెద్ద మాటలకి సాధారణంగా ఒకటో రెండో అర్థాలుంటాయి, డిక్షనరీ తీస్తే పని అయిపోతుంది. రోజూ అందరి నోళ్లలో నలిగే చిన్న మాటల దగ్గరే అసలు కష్టం.

ఈ కష్టం నీ ఒక్కడిదే కాదులే. శామ్యూల్ జాన్సన్ 1755లో అచ్చువేసిన ఇంగ్లీషు నిఘంటువులో ‘టేక్’ అనే ఒక్క క్రియకే 134 అర్థాలు ఇవ్వాల్సి వచ్చింది. ముందుమాటలో ఆయన కమ్, గెట్, గివ్, పుట్, రన్, టేక్ లాంటి క్రియల్ని వరసపెట్టి చెప్పి, వీటి వాడుక మరీ వదులుగా ఉంటుందనీ, ఎటు పోతున్నాయో వెంటపడి చూడటం కష్టమనీ మొరపెట్టుకున్నాడు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలో ‘సెట్’ది పైచేయి, దానికి 430 అర్థాలు. తర్వాత ‘రన్’ని సవరించే పని పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి పడింది. తొమ్మిది నెలలు దానితోనే గడిపాడు. 2011లో ఆ సంగతి పత్రికలకెక్కేసరికి, ఒక్క క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. నువ్వు నీ కథలో ఎదుర్కొన్నవి మహా అయితే పది ఉంటాయేమో!

ఇన్ని అర్థాలు ఎలా పుట్టాయో కొంచెం తెలిస్తే భయం తగ్గుతుంది. ఈ మాటకి జర్మన్ భాషలో ఇద్దరు చుట్టాలున్నారు. ఒకటి కాళ్లతో పరిగెత్తడం, రెండోది నీళ్లు పారడం. ఇంగ్లీషు మాటలో ఈ రెండూ కలిసే ఉన్నాయి. అందుకే వాళ్లకి మనిషీ రన్ అవుతాడు, నదీ అవుతుంది, జలుబు చేస్తే ముక్కూ అవుతుంది, ఉతికితే రంగూ అవుతుంది. ఆగకుండా ముందుకు సాగేదేదైనా ఈ మాట కిందికి వస్తుందన్నమాట. మిల్లులూ రైళ్లూ వచ్చాక యంత్రాలూ ఇందులో చేరాయి, ఆఖరికి కంప్యూటర్ ప్రోగ్రాములూ చేరాయి. ఆగకుండా సాగేలా చూసుకోవడం కూడా రన్నే కాబట్టి కొట్టు, హోటలు, స్కూలు, దేశం అన్నీ వచ్చి పడ్డాయి.

మనకి అలా కాదు. మన నది పారుతుంది, ముక్కు కారుతుంది, చీర రంగు పోతుంది, బస్సు తిరుగుతుంది, సినిమా ఆడుతుంది, కొట్టు నడుస్తుంది. ఒక్కో పనికీ మన దగ్గర ఒక్కో క్రియ ఉంది. ‘రన్’కి తెలుగు ఏమిటి అని అడిగినంతకాలం నీకు జవాబు దొరకదు. నది ఏం చేస్తుంది, కొట్టు ఏం చేస్తుంది అని అడిగి చూడు. క్రియని కాసేపు పక్కన పెట్టి, ఆ పని ఎవరు చేస్తున్నారో, దేని మీద చేస్తున్నారో చూస్తే తెలుగు క్రియ దానంతటదే నోట్లోకి వస్తుంది. నీ రెండో పేజీలో ‘వాళ్ల నాన్న పట్నంలో హోటల్‌ని పరిగెత్తిస్తున్నాడు’ అని ఉంది. తెలుగులో ఆలోచించి ఉంటే నీ చేతిలోంచి ఆ వాక్యం వచ్చేదే కాదు. డిక్షనరీలో మొదటి అర్థం దగ్గరే ఆగిపోయావు.

ఎన్నికల మాట చూడు. అమెరికాలో అభ్యర్థి ‘రన్’ చేస్తాడు, బ్రిటన్‌లో అదే మనిషి ‘స్టాండ్’ అంటాడు. ఒకరిది పరుగు, ఇంకొకరిది నిలబడటం, పని మాత్రం ఒకటే. మనవాళ్లూ సర్పంచ్‌గా నిలబడతారు. (కొందరు ఎన్నికై ఐదేళ్లయ్యాక కూడా అక్కడే నిలబడి ఉంటారు, అది వేరే సంగతి.) నీ కథ నడిచేది ఒహాయోలో అయినా సరే, తెలుగులో ఆ పెద్దమనిషిని మేయర్ పదవికి నిలబెట్టెయ్, మొహమాటపడకు.

క్రికెట్‌లో మాత్రం మనం ఆ మాటనే తెచ్చుకున్నాం. పత్రికల్లో ‘పరుగులు’ అని రాస్తారు, గ్రౌండ్‌లో పిల్లలు రన్స్ అంటారు, రనౌట్‌ని రనౌట్ అనే అంటారు. బంతి నేల మీద దొర్లుతూ బౌండరీ దాటితే బ్యాట్స్‌మన్ అడుగు కదపకపోయినా నాలుగు పరుగులు రాస్తారు. అప్పటికే అక్కడ ఆ మాటకి కాళ్లతో పనిలేదు. జనం నోట్లో స్థిరపడ్డ మాటకి నువ్వు కొత్త తెలుగు కట్టాల్సిన పనిలేదు.

ఇక పర్యాయపదాల గొడవ. మూల కథలో ఒకే పేజీలో నాలుగుసార్లు ‘రన్’ వచ్చిందనీ, నువ్వు ప్రతిచోటా వేరే మాట వేసి అందం తెచ్చాననీ రాశావు. ఆ పేజీ చదివితే ఒకే కుర్రాడు మొదటి వాక్యంలో పరిగెత్తాడు, రెండో దాంట్లో దౌడు తీశాడు, మూడో దాంట్లో పలాయనం చిత్తగించాడు, నాలుగో దాంట్లో పరారయ్యాడు. మొదటివాడు మామూలు పిల్లాడు. దౌడు గుర్రాన్ని గుర్తు తెస్తుంది. పలాయనం చిత్తగించాడంటే వెనకాల రచయిత నవ్వుతున్నాడని అర్థం. పరారయ్యాడనగానే పోలీసులు, ఎఫ్ఐఆర్, పేపర్లో నాలుగు లైన్ల వార్త. పాపం ఆ పిల్లాడు చేసిందల్లా వాన మొదలవగానే ఇంటికి పరిగెత్తడం. ఇంగ్లీషులోనూ అంతే. స్ప్రింట్ అంటే కొద్ది దూరం శక్తికొద్దీ పరిగెత్తడం, జాగ్ అంటే తాపీగా పరిగెత్తడం. బోల్ట్ అంటే బెదిరిన గుర్రంలా ఒక్కసారి కట్టు తెంచుకోవడం. ఫ్లీ అంటే ప్రమాదం నుంచి తప్పించుకోవడం, అది ఓడలో వెళ్లినా ఫ్లీయే. వీటిలో ఏ రెండూ ఒకటి కావు. రచయిత నాలుగుసార్లూ ‘రన్’ అనే రాశాడంటే, నాలుగుసార్లూ ఆ సాదా మాటే కావాలనుకున్నాడు. నువ్వూ నాలుగుసార్లు ‘పరిగెత్తాడు’ అని రాయి. చదివేవాడికి ఆ మాట అడ్డురాదు. సంభాషణల పక్కన ‘అన్నాడు’ అని రాయడానికి కొత్తవాళ్లు ఎందుకో సిగ్గుపడి వచించాడు, పలికాడు, ఉవాచ దాకా వెళ్తారు. నువ్వు ఆ దారి పట్టలేదు, సంతోషం.

యాసలో దొరికే పర్యాయపదాల సంగతి వేరు. అవి మనిషిని పట్టిస్తాయి. కరీంనగర్ పిల్లాడైతే ఉరికిండు అంటాడు, ఇంకోచోట లగెత్తాడంటారు. ఆ మాట పాత్ర నోట్లోంచి వస్తే తీసుకో. రకరకాలుగా ఉండాలని మాత్రం అక్కడా వాడకు.

బరువు కూడా చూసుకోవాలి. ఇంగ్లీషులో కొట్టుని రన్ చేస్తారు, సంస్థని మేనేజ్ చేస్తారు, ప్రభుత్వ వ్యవహారాన్ని అడ్మినిస్టర్ చేస్తారు. మనకీ నడపడం, నిర్వహించడం, పాలించడం ఉన్నాయి. కానీ పేపర్లు చదివీ చదివీ మనకి ‘టీ కొట్టు నిర్వహిస్తున్నాడు’ అని రాయడం అలవాటైంది. ఆ వాక్యం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బస్టాండ్ దగ్గర టీ కొట్టు ఉంది ఆయనకి, అంతే కదా!

పర్యాయపద కోశం కొనాలా అని అడిగావు. కొను, తప్పేం లేదు. పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు 1805లో తన సొంత వాడకానికి మాటల పట్టిక రాసుకోవడం మొదలుపెట్టి, డెబ్బై దాటాక, 1852లో దాన్ని పుస్తకంగా వేశాడు. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయిందీ ఆ ఏడాదే. రోజే తన పీఠికలో, ఇలా భావాల్ని బట్టి మాటల్ని పేర్చిన పాత పుస్తకాల్లో మొట్టమొదటిదిగా మన అమరకోశాన్నే చెప్పాడు, 1808లో శ్రీరాంపూర్‌లో వచ్చిన కోల్‌బ్రూక్ ఇంగ్లీషు అనువాదాన్ని పేర్కొంటూ. పనిలో పనిగా అందులో అమరిక గందరగోళంగా ఉందని విసుక్కున్నాడు కూడా. మన తాతలు కంఠస్థం చేసిన పుస్తకాన్ని అలా అన్నాడని కోపం తెచ్చుకోకు.

రోజే పుస్తకంలో మాటలన్నీ గుంపులు గుంపులుగా ఉంటాయి, పక్కన అర్థాలు ఉండవు. ఆ మాటలు నీకు ముందే తెలుసనీ, సమయానికి గుర్తురావట్లేదనీ రోజే అనుకున్నాడు. అందుకని నీకు పరిచయమున్న మాటనే అందులోంచి తీసుకో. అక్కడ మొదటిసారి కనిపించిన మాటని ఆ రోజే కథలో పెట్టకు. ముందు దాన్ని నలుగురు ఎలా వాడారో చూడు. డిక్షనరీలో కూడా అర్థాల కంటే ముందు ఉదాహరణ వాక్యాలు చదివే అలవాటు చేసుకో. రాసింది ఇంగ్లీషు రాని మనిషి ఎవరికైనా చదివి వినిపించు, మీ అమ్మగారైతే మరీ మంచిది. ఆవిడ “ఏమిట్రా అదీ” అన్న చోటల్లా ఒక గీత పెట్టుకో.

నీ కథలో ముందుగా చూడాల్సింది నాలుగో పేజీ. ‘బ్యాంకు మీద పరుగు జరిగింది’ అని రాశావు. ఇంగ్లీషులో బ్యాంక్ రన్ అంటే, బ్యాంకు మునిగిపోతుందన్న భయంతో డబ్బు దాచుకున్నవాళ్లంతా ఒక్కసారే వచ్చి తిరిగిచ్చెయ్యమనడం. బ్యాంకు డిపాజిట్లలో చాలా భాగాన్ని అప్పులిచ్చేస్తుంది కాబట్టి, అందరూ ఒకేసారి అడిగితే బాగున్న బ్యాంకు కూడా కూలుతుంది. కథలో ఆ ముసలాయన అంత చలిలో తెల్లవారకముందే క్యూలో నిలబడింది అందుకే. అది తెలీకపోతే ఆయన కంగారు పాఠకుడికి అందదు. ‘డబ్బు కోసం జనం బ్యాంకుకి ఎగబడ్డారు’ అని రాసి, తర్వాతి రెండు వాక్యాలు దానికి తగ్గట్టు మార్చు. ఏడో పేజీలో ‘రన్ ఇంటూ’ని చూసి పాత స్నేహితుణ్ణి ‘గుద్దుకున్నాడు’ అన్నావు, పాపం, ఎదురుపడ్డాడంతే. ఈ రెండూ సరిచేసి ఆ పేజీలే పంపు, మిగతా కథ సంగతి అవి చూశాక రాస్తాను.

ఆశీస్సులతో,
అక్క