బ్యాంకు యాప్ లోగో దగ్గరే ఆగిపోతోందా? ముందు బిల్లు కట్టండి, తర్వాత డీఎన్ఎస్ చూడండి

ప్రశ్న: ప్రకటనల బెడద తగ్గుతుందని ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ల పేర్లకు ఇంటర్నెట్ చిరునామా వెతికిపెట్టే సర్వీసును మనమే ఎంచుకునే సెట్టింగ్) పెట్టుకున్నాను. అప్పటి నుంచి బ్యాంకు యాప్ తెరిస్తే లోగో దగ్గరే తిరుగుతూ ఉంటోంది. మిగతా యాప్‌లు బాగానే పనిచేస్తున్నాయి. ఎల్లుండి క్రెడిట్ కార్డు బిల్లు గడువు. యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటారా?

జవాబు: దయచేసి ఆ పని మాత్రం చేయకండి. యాప్ తీసేస్తే ఫోన్ రిజిస్ట్రేషన్ కూడా పోతుంది. ఓటీపీ, పిన్ అన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. కొత్తగా నమోదైన ఫోన్ నుంచి కొంతకాలం పెద్ద మొత్తాలు పంపనివ్వని బ్యాంకులూ ఉన్నాయి. గడువు ముంగిట అలా ఇరుక్కోవద్దు. 'క్లియర్ డేటా' నొక్కినా ఇదే ఇబ్బంది. 'క్లియర్ కాష్' నొక్కితే ఫర్వాలేదు.

బిల్లును ఈరోజే కంప్యూటర్లో నెట్ బ్యాంకింగ్ ద్వారా కట్టేయండి. వేరే బ్యాంకు నుంచి పంపే డబ్బు కార్డు ఖాతాలో జమ కావడానికి ఒక్కోసారి మర్నాటి దాకా పడుతుంది. గడువు రోజు సాయంత్రం కడితే ఆలస్యం కిందే లెక్కేయవచ్చు. ఆలస్యం మూడు రోజులు దాటితే పోయేది ఆలస్య రుసుము ఒక్కటే కాదు. సాధారణంగా వడ్డీ లేని గడువు కూడా పోయి, కొత్తగా కొన్నవాటికి కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఇప్పటికే యాప్‌లో 'పే' నొక్కి మధ్యలో ఆగిపోయి ఉంటే, ఖాతా స్టేట్‌మెంట్‌లో డబ్బు కట్ కాలేదని చూసుకున్నాకే మళ్లీ కట్టండి.

ఇక ఫోన్ సంగతి. సెట్టింగ్స్‌లోని వెతుకులాట పెట్టెలో 'ప్రైవేట్ డీఎన్ఎస్' అని కొడితే ఆ పేజీ వస్తుంది. అందులో మూడు ఎంపికలుంటాయి: ఆఫ్, ఆటోమేటిక్, ప్రొవైడర్ హోస్ట్‌నేమ్. మీరు మూడోది ఎంచుకుని ప్రకటనలు ఆపే సర్వీసు పేరు రాసి ఉంటారు. దాన్ని ఆఫ్ చేయండి. బ్యాంకు యాప్ 'యాప్ ఇన్ఫో'లోకి వెళ్లి 'ఫోర్స్ స్టాప్' కొట్టండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పది సెకన్లు పెట్టి తీసేసి, అప్పుడు యాప్ తెరవండి. డీఎన్ఎస్ మార్చి ఊరుకుంటే పాత జవాబులే ఇంకాసేపు మెమరీలో ఉండిపోయి, మార్పు పనిచేయలేదని పొరబడతారు.

ఆఫ్ చేశాక యాప్ తెరుచుకుంటే దోషం ఎక్కడుందో తేలినట్టే. బ్యాంకు యాప్ తెరుచుకునేటప్పుడు బ్యాంకు సర్వర్‌తో పాటు క్రాష్ రిపోర్టులు, వాడకం లెక్కలు, మోసాల తనిఖీ వంటి బయటి సర్వర్లను కూడా పిలుస్తుంది. ప్రకటనలు ఆపే డీఎన్ఎస్ వాటిలో కొన్నిటిని ట్రాకర్ల (మన వాడకాన్ని గమనించేవాటి) జాబితాలో పెట్టి, 'ఆ పేరు లేదు' అనో 0.0.0.0 (ఎక్కడికీ చేరని చిరునామా) అనో జవాబిస్తుంది. రాని జవాబు కోసం యాప్ లోగో దగ్గరే ఎదురుచూస్తుంది. మిగతావి బాగున్నాయంటున్నారు కాబట్టి మీ ఫోన్‌లో జరుగుతున్నది ఇదే అయివుండాలి. హోస్ట్‌నేమ్‌లో ఒక్క అక్షరం తప్పినా అన్ని యాప్‌లూ కలిసి ఆగిపోయేవి. ఎందుకంటే పేరు ఇచ్చి పెట్టినప్పుడు ఆ సర్వర్ అందకపోతే ఫోన్ మామూలు డీఎన్ఎస్‌కి మళ్లదు. 'ఆటోమేటిక్'లో మాత్రం మళ్లుతుంది.

కాబట్టి రోజువారీ వాడకానికి ఆటోమేటిక్ చాలు. ప్రకటనలు ఆగితీరాలంటే, ఫోన్ అడిగిన సర్వర్ల పేర్ల చిట్టా చూపించి మినహాయింపులు పెట్టుకోనిచ్చే సర్వీసు తీసుకోండి. యాప్ తెరిచిన నిమిషంలో ఆ చిట్టాలో 'బ్లాక్' అయిన పేర్లు కనిపిస్తాయి. ఒక్కొక్కటే అనుమతిస్తూ యాప్ తెరిచి చూడండి. సాధారణంగా ఒకటి రెండు పేర్లతోనే దారికొస్తుంది, జాబితా మొత్తం వదిలేయనక్కర్లేదు.

మొబైల్ డేటాలో పనిచేసి వైఫైలో ఆగితే కారణం వేరు. ప్రైవేట్ డీఎన్ఎస్ మామూలుగా పోర్టు 853 (నెట్‌వర్క్‌లో దానికి కేటాయించిన ద్వారం నంబరు) మీద నడుస్తుంది, కొన్ని ఆఫీసు, హోటల్ వైఫైలు దాన్ని మూసేస్తాయి. డబ్బు పనికి అక్కడ మొబైల్ డేటాకి మారండి.

ఆఫ్ చేస్తే ఖాతాకి ప్రమాదమేమోనని భయపడకండి. డీఎన్ఎస్ చెప్పేది చిరునామా మాత్రమే. మీ పాస్‌వర్డును, లావాదేవీని కాపాడేది యాప్‌కీ బ్యాంకుకీ మధ్య ఉన్న ఎన్‌క్రిప్షన్. నెట్‌వర్క్ నడిపేవారికి మీరు ఏ సైటుకి వెళ్లారో తెలియవచ్చు, లోపలేం చేశారో తెలియదు. ముక్కూమొహం తెలియని డీఎన్ఎస్ సర్వీసుకి ఫోన్ మొత్తం అప్పగించడమే నాకు ఎక్కువ ఆందోళన కలిగించే విషయం.

ఆఫ్ చేసినా తెరుచుకోకపోతే వీపీఎన్ (నెట్‌ను వేరే సర్వర్ గుండా మళ్లించేది) ఆన్‌లో ఉందేమో చూడండి, యాప్‌ను అప్‌డేట్ చేయండి. అప్పటికీ కాకపోతే కార్డు వెనక ముద్రించిన నంబరుకే ఫోన్ చేయండి. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన 'కస్టమర్ కేర్' నంబర్లలో మోసగాళ్లవి ఎన్నో. స్క్రీన్ షేర్ చేయమన్నారంటే వెంటనే ఫోన్ పెట్టేయండి.

వచ్చే నెలకల్లా ఈ బిల్లుకి ఆటో డెబిట్ పెట్టించండి, మొత్తం బకాయికి. 'కనీస మొత్తం' అని ఎంచుకుంటే మిగిలినదానిపై వడ్డీ నడుస్తూనే ఉంటుంది.