సన్నవల కొనాలా, వద్దా?

ప్రశ్న: మాది సింగరాయకొండ దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. మా ఆయన, మా మరిది కలిసి ఫైబర్ బోటు మీద వేటకు పోతారు. ఏప్రిల్, మే నెలల్లో నిషేధమని ఇంట్లో కూర్చుంటాం. జూన్‌లో మళ్లీ వల దించేసరికి సోనా బోట్లనే పెద్ద మరబోట్లు ఒడ్డు దాకా వచ్చి ఊడ్చుకుపోతున్నాయి. ఇప్పుడు మా ఊళ్లోనే కొందరు అర అంగుళం కన్ను (రంధ్రం) ఉన్న సన్నవలలు తెచ్చి రోజూ బుట్టలు నింపుకొస్తున్నారు. అప్పు చేసైనా అదే వల కొందామంటాడు మా ఆయన. మేమొక్కరం మానుకుంటే సముద్రం బాగుపడుతుందా సార్? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– పేరు వేయవద్దన్న పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మీరొక్కరు మానుకుంటే సముద్రం బాగుపడదు. కానీ ఆ వల కొంటే మీ ఇల్లు కూడా బాగుపడదు. అందుకే కొనవద్దంటున్నాను.

ఆ అప్పు ఇచ్చేది ఎవరు? బ్యాంకు కాదు, మీ చేపలు కొనే సావుకారే అయి ఉంటాడు. అడ్వాన్సు తీసుకున్నాక సరుకు ఆయనకే పోయాలి, ధర ఆయన చెప్పిందే. నేను మత్స్యశాఖలో ఒడ్డు వెంట తిరిగిన రోజుల్లో ఈ బాకీ తీరిన ఇళ్లు తక్కువే చూశాను. పైగా ఆ బుట్టల్లో ఏముందో ఒకసారి ఇసక మీద కుమ్మరించి చూడండి. వేలెడంత కానగంతలు (మాకెరెల్), కవళ్ల (సార్డిన్) పిల్లలు, తినడానికి పనికిరాని చిల్లర చేప. వాటిని కూరకు ఎవరూ కొనరు. ఎండబెట్టి చేపల పిండి చేసేవాళ్లకు అగ్గువకు పోతాయి. ఆ పిండి రొయ్యల మేతలో కలుస్తుంది. నెల్లూరు జిల్లా రొయ్యల గుంటలకు మేత కావాలి కాబట్టి మన సముద్రపు పిల్లచేప బస్తాల్లో బయల్దేరుతుంది! ఆ కానగంతనే కొన్ని నెలలు వదిలేస్తే వేలంపాటలో తగిన ధర పలికేది.

సన్నవల వేసేవాళ్లు చెప్పే సాకు నాకు తెలుసు: ‘నెత్తళ్ల కోసం సార్.’ నెత్తళ్లకు సన్నకన్ను కావాల్సిందే, అది తప్పు కాదు. మా అమ్మ ఎండు నెత్తళ్ల గంపతోనే మమ్మల్ని పెంచింది. కానీ నెత్తళ్ల మంద కనిపించినప్పుడు వేసే వల వేరు, కాలంతో పనిలేకుండా రోజూ ఒడ్డు పక్కన అన్నిటినీ ఈడ్చే వల వేరు. మీ ఊళ్లో వాడుతున్నది రెండోదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

నిషేధం సంగతికొద్దాం. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. తమిళనాడుకూ ఇవే తేదీలు. 2015కు ముందు మే నెలాఖరులోనే ముగిసేది. మరపడవలు, ఇంజిను పడవలు ఆగాలి, తెడ్డుతో తెరచాపతో పోయేవి వెళ్లవచ్చు. గుడ్లు పెట్టే చేపకు కాస్త తెరిపి ఇవ్వడం దీని ఉద్దేశం. అయితే ఆ రెండు నెలల్లో పుట్టిన పిల్లను జూలైలో అర అంగుళం వలతో లాగేస్తే, మీరు ఇంట్లో కూర్చున్నదంతా దండగ. ఈ శాఖ పెన్షను తింటూ అనకూడదేమో గానీ, నిషేధం మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా వల కన్ను మీద పెట్టి ఉంటే బాగుండేది. కేరళ 2015లో కొన్ని చేపలకు కనీస సైజు పెట్టింది. కవళ్లయితే 10 సెంటీమీటర్లు, కానగంత 14. అంతకంటే చిన్నవి పట్టకూడదు. ఊరికే పెట్టలేదు. 2012లో దాదాపు 4 లక్షల టన్నుల కవళ్లు దొరికిన ఆ రాష్ట్రంలో 2021 నాటికి 4 వేల టన్నులు కూడా రాలేదు. సముద్రం వేడెక్కడం లాంటి కారణాలూ ఉన్నాయి, పిల్లచేపల వేట ఒక్కటే కాదు. కానీ మన చేతిలో ఉన్నది ఆ ఒక్కటే.

మరి ఏం చేయాలి? మీ ఊళ్లో కాపులు, అంటే ఊరి పెద్దలు, ఉన్నారు కదా. ఊరంతా కూర్చుని దురాయి (ఊరి కట్టుబాటు) పెట్టించండి. ఈ నెల నుంచి ఈ నెల దాకా సన్నవల దించకూడదు, దించితే ఇంత జరిమానా అని. కలెక్టరు ఉత్తర్వు కంటే దురాయికే మన పల్లెల్లో భయం ఎక్కువ. దాని పేరుతో ఇళ్లను వెలేసిన సంగతులూ నాకు తెలుసు. ఆ పని మాత్రం చేయకండి, జరిమానా చాలు. ఇంకొకటి, మీ ఊరి దురాయి పక్క ఊరి బోటును ఆపదు. 2020 చివర్లో చీరాల తీరంలో పక్కపక్క పల్లెలవాళ్లు వల విషయంలోనే కొట్టుకున్నారు. కాబట్టి ముందే అటు పల్లె, ఇటు పల్లె పెద్దలను పిలిచి మాట్లాడండి. ఆడవాళ్లు కూడా కూర్చోవాలి. ఏ సైజు చేపకు సంతలో ఎంత వస్తుందో వలేసేవాడి కంటే గంప మోసే మనిషికే బాగా తెలుసు.

సోనా బోట్లను దురాయి ఆపలేదు, అది సర్కారు పని. మన రాష్ట్ర చట్టం 1994 నాటిది. దాని కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపలికి మరబోట్లు రాకూడదు. వస్తే గొంతు చించుకుని లాభం లేదు, వాళ్ల బోటు ఎక్కి గొడవ అసలే వద్దు. సెల్లులో జీపీఎస్ ఆన్ చేసి, బోటు పక్కన రాసిన నంబరు కనబడేలా ఫొటో తీయమనండి. ఐఎన్‌డి–టీఎన్ అని ఉంటే తమిళనాడుది, ఐఎన్‌డి–ఏపీ అయితే మనదే. మనవి కూడా వస్తాయి, అన్నీ తమిళనాడు కడలూరు బోట్ల మీదికి తోసేయకండి. 1093కు ఫోన్ చేస్తే తీరరక్షక పోలీసులకు అందుతుంది. ఆ ఫొటోలను ఊరి సంఘం పేరుతో మత్స్యశాఖ జాయింట్ డైరెక్టరుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాట ఫిర్యాదు ఆఫీసు గుమ్మం దాటదు.

నిషేధ కాలంలో సర్కారు ఇచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలకు పెరిగింది, అంతకుముందు 10 వేలు. సిబ్బంది లెక్కకు వచ్చిన రోజు బోటు ఒడ్డున ఉండాలి, మీవాళ్ల పేర్లు ఎక్కాయో లేదో అక్కడే చూసుకోండి. డీజిలు ఆదా కావాలంటే, హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చేపలు దొరకగల చోట్లను తెలుగులో ఉచితంగా చెబుతుంది. మీ మరిదికి సెల్లు వాడకం వచ్చి ఉంటుంది, అతనికి అప్పజెప్పండి.

ప్రశ్న: జనవరి, ఫిబ్రవరిలో మా తీరానికి చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తాయి. రోగమా?
– కావలి నుంచి ఒక విద్యార్థి

జవాబు: ఎక్కువగా రోగం కాదు నాన్నా, వల. తాబేలు పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. అడుగున ఈడ్చే వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. ఆ నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు చేరతాయి, అందుకే అప్పుడు ఎక్కువ కనిపిస్తాయి. తాబేలు బయటపడే కిటికీ లాంటి పరికరాన్ని వలకు కుట్టవచ్చు. కాస్త రొయ్య జారిపోతుందని బోటువాళ్లు ఇష్టపడరు. అది లేదనే అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం 2019లో ఆపేసింది. ఆ నష్టం జారిపోయే రొయ్య కంటే చాలా ఎక్కువ. గుడ్ల గుంట కనిపిస్తే తవ్వకుండా అటవీశాఖకు చెప్పండి.

ప్రశ్న: నిషేధం రోజుల్లో నెల్లూరు మార్కెట్‌లో వంజరం ఎలా దొరుకుతోంది? కొనవచ్చా?
– ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: పడమటి తీరానికి నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా. కాబట్టి ఏప్రిల్, మేలో అక్కడి సరుకు ఐసు పెట్టెల్లో ఇక్కడికి వస్తుంది. కొంత కోల్డ్ స్టోరేజీది. కొనవచ్చు, కన్ను, మొప్ప చూసుకుని. మూరకు తక్కువ ఉన్న వంజరం మాత్రం ఏ నెలలోనూ అడగవద్దు, సాధారణంగా అది ఇంకా ఒక్కసారి కూడా గుడ్లు పెట్టనిదే. చిన్నచేప తినాలనిపిస్తే నెత్తళ్లు కొనండి. అవి పెద్దయినా అంతే ఉంటాయి.